పదకొండు గంటల టీ

తలనొప్పి పోతే ఎవరైనా సంతోషిస్తారు. చెల్లెమ్మ మాత్రం భయపడింది.

పొద్దున్నే మెలకువ వచ్చాక, అలవాటు ప్రకారం కదలకుండా పడుకుని, ముందు కుడి కణత దగ్గర వెతికింది. లేదు. మెడ వెనక వెతికింది. అక్కడా లేదు. కంటి గుంటలో, దవడ మూలలో, నడినెత్తిన, అది దాక్కునే చోట్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంది. ఎక్కడా లేదు. ఇది వరసగా పదమూడో రోజు. ఇంట్లో రోజూ అరిచే మనిషి ఉన్నట్టుండి నోరు మూసుకుంటే, సంతోషం కంటే ముందు అనుమానమే కదా వచ్చేది!

"ఏమండీ, నాకు నొప్పి లేదు," అంది.

భర్త బస్సు నడుపుతాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మంచిదేగా," అన్నాడు.

"మంచిదే. కానీ ఎందుకు లేదు?"

ఇరవై రెండేళ్ళ సంసారంలో ఆయన జవాబు చెప్పలేని ప్రశ్నలు చాలానే విన్నాడు. ఇలాంటిది మాత్రం ఇదే మొదలు. చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

చెల్లెమ్మకు నలభై ఆరేళ్ళు. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి స్కూలు హెడ్మాస్టరు దాకా వీధి మొత్తానికి ఆమె చెల్లెమ్మే. ఎందుకంటే అక్క ఆమెను అలా పిలుస్తుంది, అక్క పిలిచిందంటే వీధి చివరిదాకా వినబడుతుంది. అసలు పేరు కాగితాల మీద ఎక్కడో ఉంది గానీ, దాంతో పిలిస్తే ఆవిడే పలకదు.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒక కుట్టు దుకాణం. ఇస్త్రీ కొట్టుకూ తాళాలు బాగుచేసే ఆయన కొట్టుకూ మధ్య ఒకే ఒక్క గది. యూనిఫారాలు కుడతారు. ఆసుపత్రి నర్సులు, హోటలు సర్వర్లు, స్కూలు పిల్లలు, కాపలావాళ్ళు, ఒంటిమీద ఒకేరకం గుడ్డ వేసుకోవలసిన వాళ్ళందరూ వీళ్ళ దగ్గరికే వస్తారు. చెల్లెమ్మ కత్తిరిస్తుంది, అక్క కుడుతుంది. ఎనిమిది పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, పై పొర మీద సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో ఒక్కసారే కోయాలి. అక్క కుట్టు తప్పితే విప్పుకుని మళ్ళీ కుట్టుకోవచ్చు. చెల్లెమ్మ కోత తప్పితే ఎనిమిది చొక్కాలూ పోయినట్టే. ఒకసారి నొప్పి మధ్యలో, ఒక కన్ను మూసుకుని కోసి, ఎనిమిది చొక్కాలకూ రెండేసి ఎడమ చేతులు తయారుచేసింది. ఆ గుడ్డతో చేసిన చేతిసంచులు ఇప్పటికీ వీధిలో సగం ఇళ్ళలో ఉన్నాయి.

ఆ నొప్పి పెళ్ళి కాకముందు నుంచే ఉంది. కుడికంటి చివర వెలుగు గీతలు వంకరటింకరగా కదిలేవి. పావుగంట తిరగకుండా సగం తల పట్టేసేది. వెలుతురు చూస్తే వాంతి, చప్పుడు వింటే వాంతి. మొదట్లో నెలకు మూడుసార్లో నాలుగుసార్లో వచ్చేది. పోనుపోను, ముఖ్యంగా గత ఎనిమిది తొమ్మిదేళ్ళుగా, రాని రోజంటూ లేకుండా పోయింది. వయసు అన్నారు, కళ్ళు అన్నారు. రెండుసార్లు కళ్ళజోడు మార్చింది. దిండు మార్చింది, మంచం అటుది ఇటు తిప్పింది, ఇస్త్రీ ఆయన మాట విని చన్నీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చుంటే జలుబు చేసింది. తలనొప్పి ఉన్న మనిషి కనబడితే చాలు, జన్మలో తల నొప్పెట్టని వాళ్ళందరూ వైద్యులైపోతారు.

రెండేళ్ళ కిందట భర్త బలవంతం మీద పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మైగ్రేన్ అన్నాడు. అది ఒంట్లోనే ఉంటుంది, పూర్తిగా పోదు, కానీ రోజూ రావడమే అర్థం కావడం లేదన్నాడు. మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగాడు.

"మాత్రలు ఎన్ని వేసుకుంటారమ్మా?"

"వారానికి ఒకటి. మహా అయితే రెండు."

"నిజంగా?"

"నిజంగానే సార్. మాత్ర వేసుకుంటే చెయ్యి మొద్దుబారినట్టు ఉంటుంది, గుడ్డ పాడవుతుంది. మా అక్క రోజూ వేసుకోమని చంపుతుంది, నేనే వినను."

"మంచి పని చేశారు. రోజూ మింగితే కొన్నాళ్ళకి ఆ మాత్రే నొప్పి తెచ్చిపెడుతుంది. మీకు ఆ గొడవ లేదు."

చెల్లెమ్మ బళ్ళో మంచి మార్కులు వచ్చిన పిల్లలాగా కూర్చుంది. డాక్టరు ఒక చిన్న పుస్తకం ఇచ్చి, నొప్పి వచ్చినప్పుడల్లా రాయమన్నాడు. రాసింది. పొద్దున్న లేవగానే ఎక్కువ, దుకాణానికి వెళ్ళాక మధ్యాహ్నానికి తక్కువ, ఆదివారం దుకాణం లేని రోజు మరీ ఎక్కువ. భర్త ఆ పుస్తకం చూసి, "నీకు విశ్రాంతి పడదే," అని తేల్చేశాడు. డాక్టరుకూ అంతకంటే ఏమీ తేలలేదు.

ఇక అక్క. చెల్లెమ్మకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అమ్మ పోయినప్పుడు చెల్లెమ్మకు పదకొండేళ్ళు. జడ వేసిందీ, బడికి పంపిందీ, కత్తెర పట్టుకోవడం నేర్పిందీ, పెళ్ళి చేసిందీ అక్కే. మొగుడు పోయాక కూతుర్ని కూడా ఆ మిషను మీదే పెంచింది. పొద్దున్న తాళం తీసిన దగ్గర్నుంచి అక్క నోటికీ మిషను పాదానికీ విరామం ఉండదు. పైగా తల పైన గూట్లో రేడియో. ఒంటికి గులాబీ సెంటు, అది అక్క రాకముందే దుకాణంలోకి వస్తుంది. దుకాణం వెనక గోడలోకి చిన్న సందు, అందులో స్టవ్వు. పదకొండుకూ నాలుగుకూ అక్క టీ కాస్తుంది. ఆ స్టవ్వు దగ్గరికి ఎవర్నీ రానివ్వదు. అల్లం దంచి, చక్కెర గుమ్మరించి, ఆకు నల్లగా మరిగించి ఇస్తుంది. ఎంత చక్కెర వేసినా కాస్త చేదు తగులుతుంది. చెల్లెమ్మకు అదే అలవాటైపోయింది. సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు పెద్ద కత్తెర కూడా అక్కే ఇంటికి తీసుకుపోతుంది, దొంగల భయమని అందరూ అనుకుంటారు.

అక్క కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది. ఆమెకు నెలలు నిండాయి. ఆరు వారాలైనా ఉండి రావాలి. బస్టాండులో అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది, కూతురి కోసం కాదు.

"నా మాట వినవే. రోజుకి రెండు మాత్రలు వేసుకో. పదకొండుకొకటి, నాలుగుకొకటి. నేను వచ్చేదాకానే."

"నాకు మాత్రలొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అక్కా!"

"పోనీ టీ? టీ ఎవరిస్తారు నీకు?"

"వీధిలో టీ కొట్లే లేనట్టు! నువ్వెళ్ళు, బస్సు పోతుంది."

బస్సు కదిలే వరకూ అక్క కిటికీలోంచి రెండు వేళ్ళు చూపిస్తూనే ఉంది.

మర్నాడే మొదలైంది. ఐదు రోజులు చెల్లెమ్మ మనిషి కాలేదు. ఇంతకాలం పడ్డ నొప్పులన్నీ కలిసి ఒకేసారి వచ్చినట్టు, రెండు కణతలూ, మెడా, పళ్ళతో సహా నొప్పి. దుకాణం తెరవలేదు. గదికి దుప్పటి కట్టి, బకెట్టు పక్కన పెట్టుకుని పడుకుంది. అక్క లేకపోతే తాను బతకలేనని ఆ ఐదు రోజుల్లో రూఢి అయిపోయింది. ఆరో రోజు కాస్త తగ్గింది. పదో రోజుకు సన్నగా మిగిలింది. పదకొండో రోజుకు పోయింది.

పోయి, మళ్ళీ రాలేదు.

ఇదీ చెల్లెమ్మ భయం. అక్క లేకపోతే బతకలేనని తేలిన మనిషికి, అక్క లేనప్పుడే నొప్పి లేదు. ఏది నిజమో ఎటూ పాలుపోలేదు. కత్తిరించేవాళ్ళ బుర్ర కొలతల మీద నడుస్తుంది. ఏది ఎంతో తేలేదాకా సుద్ద కింద పెట్టరు. అందుకని అక్క తెచ్చే ఒక్కొక్క వస్తువునూ కొలవడం మొదలుపెట్టింది.

ముందు రేడియో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టిగా పెట్టింది. తాళాలాయన వచ్చి, "అక్కగారు వచ్చేశారా?" అని అడిగి వెళ్ళాడు. నొప్పి రాలేదు. మర్నాడు గులాబీ సెంటు. అక్క సీసా అలమరలోనే ఉంది. రెండు మోచేతులకూ, చెవుల వెనకా పూసుకుంది. సాయంత్రం భర్త ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నొప్పి మాత్రం రాలేదు. ఆ తర్వాత మిషను. అక్క పని ఎలాగూ పేరుకుపోయింది కాబట్టి తనే కూర్చుని తొక్కింది. టకటకమని గంటలు గంటలు. కాళ్ళు నొప్పెట్టాయి, నడుము నొప్పెట్టింది, తల తప్ప అన్నీ నొప్పెట్టాయి.

సెంటు కాదు, రేడియో కాదు, మిషను కాదు. మిగిలింది అక్క. ఆ ఆలోచన వచ్చిన క్షణంలో చెల్లెమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. తడిగుడ్డ కణతకు పెట్టింది అక్క, వాంతి ఎత్తిపోసింది అక్క, వెలుతురు పడకుండా చీర అడ్డం కట్టింది అక్క. అలాంటి మనిషా తనకు నొప్పి?

ఆ మాట బయటికి అన్నది భర్త. అన్నం తింటూ, ఎవరో ఏ బస్సు ఎక్కారో చెప్పినంత మామూలుగా, "వదిన లేదు, నొప్పీ లేదు," అన్నాడు.

"నోరు ముయ్యండి!" అని కంచం ముందునుంచి లేచిపోయింది. అంత కోపం ఎందుకు వచ్చిందంటే, తను అనుకున్నదే ఆయన అన్నాడు కాబట్టి.

ఆయన ఆ తర్వాత రెండు రోజులు జాగ్రత్తగా ఉండి, మూడో రోజు ఇంకో మాట తెచ్చాడు. ఊరి చివర రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగు చూసే మనిషి కావాలట. అక్కడి మేనేజరు ఆయన బస్సులోనే రోజూ వెళ్తాడట. "నీ చెయ్యి సంగతి ఆయనకి తెలుసు. నా బస్సు గేటు ముందే ఆగుతుంది. వదిన వచ్చే సోమవారంలోగా చెప్పమన్నాడు." ఆగి, మెల్లగా అన్నాడు. "పోట్లాడి వెళ్ళినట్టు కాదు. పని దొరికి వెళ్ళినట్టు ఉంటుంది."

చెల్లెమ్మ కంచాలు తీసి కడగడానికి వెళ్ళింది. కాదననందుకు ఆయన సగం ఒప్పుకున్నట్టే తీసుకున్నాడు. నిజానికి సగం ఒప్పుకుంది కూడా. అక్కకు ఏమని చెప్పాలి? ముప్పై ఐదేళ్ళుగా నన్ను కనిపెట్టుకుని ఉన్నావు, నువ్వు పక్కన లేకపోతేనే నాకు బాగుంది, అందుకని పోతున్నాను అనా? ఆ మాట ఏ మనిషి నోటితో అంటుంది? అనకుండా పోతే అది ఇంకా పెద్ద మోసం. పోకుండా ఉంటే మళ్ళీ ఆ దుప్పటి, ఆ బకెట్టు.

అక్క రోజూ ఫోను చేసేది. మనవరాలు పుట్టిన సంగతి రెండు ముక్కల్లో ముగించి, అసలు సంగతికి వచ్చేది.

"నొప్పి ఎలా ఉందే?"

"వస్తోంది, పోతోంది."

"ఎన్నిసార్లు?"

"ఉంటోంది అక్కా, మామూలే." నువ్వు వెళ్ళాక పోయిందని చెప్పలేక చెప్పిన అబద్ధం అది. చెప్పిన ప్రతిసారీ అవతల అక్క గొంతు చిన్నదైపోయేది. "నేను తొందరగా వచ్చేస్తాలే," అనేది. తన అబద్ధమే అక్కను ముందుగా లాక్కొచ్చేలా ఉందని చెల్లెమ్మకు అర్థమైంది, కానీ ఇప్పుడు నిజం చెబితే మరీ ఘోరం.

ఐదో వారంలో ఒకరోజు కుడికంటి చివర వెలుగు గీతలు కదిలాయి. పాత పద్ధతిలోనే సగం తల పట్టింది. పడుకుని లేచేసరికి సాయంత్రానికి పోయింది. పోయిన చుట్టం ఒక పూట వచ్చి వెళ్ళినట్టు అనిపించింది. అక్క ఊళ్ళో లేకుండానే వచ్చిందంటే, అక్క కారణం కాదేమో! కానీ ఒక్కసారే వచ్చిందేం? తేలిందనుకున్నది మళ్ళీ చిక్కుపడింది.

శనివారం మిషను సూది వేలి గోట్లో దిగింది. కత్తిరించే మనిషి కుట్టబోతే అంతే. వేలికి గుడ్డపేలిక చుట్టుకుని మందుల షాపుకు వెళ్ళింది. కట్టు కడుతూ షాపాయన అడిగాడు.

"అక్కగారు ఇంకా రాలేదామ్మా? మీ మాత్రలు ఐదు వారాలుగా పక్కన పెట్టి ఉంచాను."

"నా మాత్రలేంటి?"

"తలనొప్పివమ్మా. ప్రతి శనివారం అక్కగారు తీసుకెళ్తారుగా, వారానికి సరిపడా. రోజుకి రెండు." ఆయన సొరుగులోంచి కాగితం సంచీ తీసి చూపించాడు. "ఎన్నేళ్ళుగానో తీసుకెళ్తున్నారు. మరీ అన్ని మంచిది కాదండీ అంటే, డాక్టరే రాశాడని కసిరేవారు."

చెల్లెమ్మ వేసుకునేది వారానికి ఒకటి. మరి మిగతావి? అక్క వేసుకుంటోందన్నమాట. ఏళ్ళ తరబడి రోజుకు రెండు మాత్రలు మింగేంత రోగం ఏదో అక్కకు ఉంది, తలలో ఏదో పెరుగుతోంది, ఎవరికీ చెప్పకుండా దాచి, తన నొప్పి పక్కన పెట్టి చెల్లెలి కణతకు తడిగుడ్డ పెడుతోంది. తానేమో ఆ మనిషిని వదిలించుకోవాలని చూస్తోంది! వీధిలో ఏడుస్తూ నడిచింది. ఇస్త్రీ ఆయన పలకరిస్తే వేలు చూపించింది.

దుకాణంలోకి వచ్చి వెనక సందులో వెతికింది. టీ పొడి డబ్బా వెనక పాత దారాల డబ్బా. అందులో సగం వాడిన మాత్రల అట్ట, చిన్న రాతి కల్వం. కల్వం అడుగున తెల్లటి పొడి. అక్కకు మాత్ర మింగడం రాదు కాబట్టి నూరుకుని వేసుకుంటోంది పాపం, అనుకుంది. అనుకుంటూనే, అయితే ఇది టీ పొడి పక్కన ఎందుకుంది అని కూడా అనుకుంది. వేలితో కాస్త పొడి తీసి నాలుక మీద వేసుకుంది.

ఆ చేదు ఆమెకు తెలుసు. రోజూ పదకొండు గంటలకు తగిలే చేదు అది.

చెల్లెమ్మ ఆ సందులోనే నేలమీద కూర్చుండిపోయింది. కల్వం చప్పుడు రోజూ వినేది, అల్లం దంచుతోందనుకునేది. పొద్దున్న ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ, ఆదివారం టీ లేదు కాబట్టి మరీ ఎక్కువ. డాక్టరు చెప్పిన మాట, తాను గర్వంగా కూర్చున్న కుర్చీ, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. కోపం తెచ్చుకుందామంటే ఏడుపొచ్చింది. ఏడుద్దామంటే, రేడియో పెట్టుకుని సెంటు పూసుకుని నొప్పి కోసం గాలించిన సంగతి తలుచుకుని నవ్వొచ్చింది. తనకు చెప్పకుండా తన ఒంట్లోకి మందు పోసింది అక్క! ఎవరైనా పరాయివాళ్ళు చేసి ఉంటే పోలీసులను పిలిచేది. అక్క ఎందుకు చేసింది? ప్రేమ అని సరిపెట్టుకోవచ్చు. కానీ మాత్ర వద్దంటే, వద్దా అని ఊరుకోక, ఇంత దొంగతనం ఎందుకు? అది మాత్రం ఎంతకీ తలకెక్కలేదు. ఇంటికి వెళ్ళి భర్తకు కూడా చెప్పలేదు.

సోమవారం పొద్దున్న పది దాటాక అక్క బస్టాండు నుంచి నేరుగా దుకాణానికి వచ్చింది. సంచులు గుమ్మంలో పడేసి, చెల్లెమ్మ గడ్డం పట్టుకుని, మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. మనవరాలి ముక్కు గురించి, బస్సులో పక్కన కూర్చున్నావిడ గురించి, కూతురి అత్తగారి గురించి ఒకే ఊపిరిలో చెప్పింది. చెబుతూనే పదకొండయ్యేసరికి సందులోకి వెళ్ళింది. స్టవ్వు వెలిగింది. కాసేపటికి కల్వం టకటకమంది. చెల్లెమ్మ కటింగ్ బల్ల దగ్గర చేతులు ఊరికే పెట్టుకుని ఆ చప్పుడు వింది.

అక్క రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి ఆమె ముందు పెట్టింది.

"అక్కా, ఇది నువ్వు తాగు. నీది నాకియ్యి."

"ఏదైనా ఒకటేగా."

"ఒకటే అయితే మార్చుకుందాం."

అక్క చెయ్యి ముందుకు రాలేదు. నోరు కూడా తెరవలేదు. అక్క నోరు తెరవకుండా అంతసేపు ఉండడం చెల్లెమ్మ ఎప్పుడూ చూడలేదు.

"ఎన్ని వేశావు?"

"ఒకటే."

"ఎన్నేళ్ళ నుంచి?"

"తొమ్మిది."

రెండు రోజులుగా చెల్లెమ్మ కడుపులో పెట్టుకున్న మాటలు చాలానే ఉన్నాయి, అరవాలనే అనుకుంది. తీరా అరుపు రాలేదు. డాక్టరు అన్నది చెప్పింది. మొదటి వారం నరకం గురించి, ఆ తర్వాతి రోజుల గురించి చెప్పింది. ఇంత కాలంలో ఒక్కసారే వచ్చిందని, అదీ సాయంత్రానికి పోయిందని చెప్పింది.

"ఫోన్లో రోజూ వస్తోందన్నావు?"

"అబద్ధం చెప్పాను. నువ్వెళ్ళాక పోయిందని నీతో ఎలా చెప్పను?"

అక్క మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. "అంటే ఈ తొమ్మిదేళ్ళూ నేనేనా?"

"నువ్వు కాదక్కా, మాత్ర."

"మాత్రకి కాళ్ళున్నాయా, నడిచొచ్చి నీ టీలో పడ్డానికి?"

చెల్లెమ్మ ఫ్యాక్టరీ సంగతి కూడా చెప్పేసింది. నొప్పి నీవల్లేననుకున్నానని, సాయంత్రంలోగా వాళ్ళకు మాట చెప్పాలని. అక్క తల ఊపింది. "పో. చేరిపో. నా చేతి కింద ఉండకు," అంది. అది కోపం కాదు. నిజంగానే అంటోంది. అందుకే చెల్లెమ్మకు ఎక్కువ భయం వేసింది.

"పోవడం సంగతి తర్వాత. ముందు ఎందుకు చేశావో చెప్పు. వద్దంటే అంత దొంగతనంగా ఎందుకు చేశావు?"

అక్క మిషను చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పింది.

"నువ్వు చచ్చిపోతావని."

"తలనొప్పితో ఎవరైనా చస్తారా?"

"తలనొప్పితో కాదే. తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు మధ్యాహ్నం నేను దారం ఉండలు కొనుక్కుని వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని వస్తే నువ్వు ఈ బల్ల కింద కూర్చుని ఉన్నావు. కళ్ళు మూసుకుని ఉన్నావు. పెద్ద కత్తెర రెండు చేతుల్తో పట్టుకుని కణతకి ఆనించుకున్నావు. నన్ను చూడగానే ఉలిక్కిపడి వెనక్కి దాచేశావు. అడిగితే నిజం చెబుతావేమో, చెబితే నేనేం చెయ్యాలో తెలియలేదు. ఆ మర్నాటి నుంచి నీకు నొప్పే రాకుండా చూసుకోవాలనుకున్నాను. రోజూ సాయంత్రం కత్తెర నేను ఇంటికి తీసుకుపోయేది ఎందుకనుకున్నావ్? దొంగల భయం అనుకున్నారు మీరంతా."

ఏ రోజు, ఏ మధ్యాహ్నం? చెల్లెమ్మకు ఆ రోజు గుర్తులేదు. ఎందుకు గుర్తుంటుంది? అలాంటి రోజులు వందున్నాయి.

"అక్కా," అంది, "అది చల్లగా ఉంటుందని పెట్టుకున్నాను."

"ఏంటి?"

"ఇనుము అక్కా. చల్లగా ఉంటుంది. కణతకి ఆనిస్తే కాసేపు హాయిగా ఉంటుంది."

"మరి దాచావెందుకు?"

"ఒంటి చెమట తగిలితే తుప్పు పడుతుంది, గుడ్డకి తప్ప దేనికీ తగలనివ్వకూడదని నేర్పింది నువ్వేగా. చూస్తే తిడతావని దాచాను."

అక్క నమ్మలేదు. నమ్మనట్టు మొహంలోనే తెలుస్తోంది. తొమ్మిదేళ్ళ భయం ఒక్క మాటకు పోయేది కాదు. ఊరడించడానికి చెబుతోందనుకుంటోంది. చెల్లెమ్మ బల్ల మీది పెద్ద కత్తెర తీసి, రెండు అలుగులూ మూసి, స్టూలు పక్కన నిలబడి, అక్క తల తన పొట్టకు ఆనించుకుని, ఇనుము బల్లపరుపుగా అక్క కణతకు పెట్టింది.

సరిగ్గా అప్పుడే హోటలు మేనేజరు సర్వర్ల చొక్కాల కోసం గుమ్మంలోకి వచ్చాడు. స్టూలు మీద కళ్ళు మూసుకున్న అక్కగారు, ఆవిడ తలకు కత్తెర పెట్టి నిలబడ్డ చెల్లెమ్మ. ఆయన ఒక్క క్షణం చూసి, "మళ్ళీ వస్తానండీ," అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

"చల్లగా ఉందా?" అని అడిగింది చెల్లెమ్మ.

అక్క మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి కత్తెర మీద పడ్డాయి. తుప్పు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"ఉంది," అంది అక్క. "ఒక్కసారి అడిగి ఉంటే పోయేదే!"

"నేనైనా చెప్పి ఉండాల్సింది."

"ఫ్యాక్టరీకి పోతావా?"

"పోను."

చెల్లెమ్మ కత్తెర తీయబోయింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"తియ్యకే. ఇంకాసేపు ఉంచు."

చెల్లెమ్మ అలాగే నిలబడింది. ఇనుము వెచ్చబడ్డాక కత్తెర తిప్పి, చల్లగా ఉన్న రెండో వైపు పెట్టింది.